స్త్రీల సౌందర్యమును కొలుచు కొలబద్దలు

వస్త్రములు, నగలు, కేశాలంకారము, శరీరచ్ఛాయ మొదలగు విషయములు పాఠశాల వార్షిక సంచికలో వ్రాయదగినవి కావనియు, అవి అద్దము ముందే ముగియవలసిన సంగతులనియు కొందఱు పెద్దలు తలంపవచ్చును. నేనట్లు తలంపను. ఒక బాలిక తన కాలములో నెంత భాగమును, తన తండ్రి సంపాదనలో నెంత భాగమును, తన యారోగ్యములో నెంత భాగమును ఈ విషయమున కర్పించుచున్నదో లెక్కింపగలిగినచో లెక్కల ఉపాధ్యాయులు సైతము నివ్వెఱపోవుదురు. ఇంత వ్యయమగుచున్న విషయమును విచారింపక విడుచుట విద్యకు తగదు.

అలంకారము పాపమా, కాదా యను ప్రశ్న మన దేవాలయములలో చిరకాలమునుండి చర్చింపబడుచున్నది. నా ప్రశ్న యది కాదు. పూవు పెట్టుకొనుట యందును, మంచి రంగుచీర కట్టుకొనుట యందును మనుష్యునకు సహజమైన సంతోషము కలదు. దానిని నేను నిందింపను. స్త్రీవాదులు అనగా స్త్రీపురుషులకు సమానమైన హక్కులును గౌరవమును ఉండవలయునని వాదించువారు ఈ విషయములో అడుగు ప్రశ్న వేఱు. ఇది సుందరము, ఇది కురూపము అని నిర్ణయించు కొలబద్దను చేసినవా రెవరు? ఆ కొలబద్దవలన లాభించువా రెవరు? దాని వెల చెల్లించువా రెవరు? ఈ మూడు ప్రశ్నలను చేతబట్టుకొని కొన్ని దేశముల చరిత్రను చూచినచో, మన యింటిలోని సంగతి మనకు స్పష్టముగా కనబడును. పొరుగింటి ధూళి కనబడినంత సులభముగా మన యింటి ధూళి మనకు కనబడదు గనుక, మొదట పొరుగింటికే పోవుదము.

చీనాదేశములో పదవ శతాబ్ద ప్రాంతమున రాజాస్థానపు నర్తకుల నడుమ నారంభమైనదని చెప్పబడు పాదబంధన మను ఆచారము క్రమక్రమముగా ధనికుల యిండ్లకును, అటుపిమ్మట పల్లెలలోని కాపుల యిండ్లకును వ్యాపించినది. అయిదు మొదలు ఎనిమిది సంవత్సరముల ప్రాయముగల బాలిక పాదములను వేడినీటిలో నానబెట్టి, బొటనవ్రేలు తప్ప తక్కిన నాలుగు వ్రేళ్లను అరికాలి క్రిందికి మడచి, పొడవైన గుడ్డపట్టీతో బిగించి కట్టెడివారు. కట్టు బిగియుకొలది ఎముకలు విఱుగును. మడమ ముందునకు లాగబడి అరికాలి నడుమ లోతైన చీలిక యేర్పడును. చీము పట్టుటయు, వ్రేళ్లు కుళ్లి ఊడుటయు, కొందఱు పిల్లలు ఆ పుండ్లచేత మరణించుటయు కలదు. మూడు చీనా అంగుళములు, అనగా మన కొలతలో రమారమి నాలుగంగుళముల పాదమునకు బంగారుకమల మని పేరు. ఆ పేరెంత మనోహరముగా నున్నదో చూడుడు! బాధకు పూవు పేరు పెట్టుట అన్ని దేశములలోను కలదు.

ఆ కట్టు కట్టిన దెవరు? రాజభటులు కారు, భర్త కాడు, కన్నతల్లియే. ఆమె క్రూరురాలని మనము తీర్పు చెప్పుటకు తొందరపడరాదు. ఊరిలోని వరులందఱును కట్టిన పాదములనే కోరుచుండగా, తన కుమార్తె పాదములను మాత్రము కట్టక విడిచిన తల్లి ఆ పిల్లను పెండ్లిలేని బ్రదుకునకు, తిండిలేని ముసలితనమునకు విడిచినట్లయ్యెడిది. కాబట్టి తల్లి యేడ్చుచునే కట్టెడిది, పిల్ల యేడ్చుచునే కట్టించుకొనెడిది. ఏ యొక్కరికిని ఇష్టము లేకున్నను అందఱును చేయు పని యొకటి లోకములో నుండగల దనుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము నాకు తెలియదు.

దీని వెనుక ధనసంబంధమైన కారణము కూడ కలదని ఇటీవలి పండితులు కొందఱు చెప్పుచున్నారు. లారెల్ బోసెన్, హిల్ గేట్స్ అను ఇద్దఱు స్త్రీలు చీనా పల్లెలలోని వృద్ధస్త్రీలను వేయిమందికి పైగా ప్రశ్నించి 2017లో నొక గ్రంథమును ప్రకటించిరి. కాళ్లు కట్టబడిన బాలిక బయటకు పరుగెత్తజాలదు. ఇంట కూర్చుండి నూలు వడకును, బట్ట నేయును, చాప అల్లును. చిన్నచేతుల ఆ పని కుటుంబమునకు రాబడి తెచ్చెడిది. యంత్రపు నూలు, యంత్రపు బట్ట వచ్చి ఇంటి నేతపని పడిపోయిన చోట్ల పాదబంధనము కూడ త్వరగా పడిపోయినదని వారి వాదము. సౌందర్యమని పిలువబడిన దాని చాటున, కదలకుండ కూర్చుండి పనిచేయు కూలి యొకతె యుండెనన్నమాట.

ఈ ఆచార మెట్లు పోయినదో అదియు తెలిసికొనదగినది. పదునేడవ శతాబ్దమున చీనాను జయించిన మంచూ చక్రవర్తులు దానిని నిషేధించిరి. మంచూ స్త్రీలు పాదములు కట్టుకొనెడివారు కారు. అయినను ఆ శాసనము నిలువలేదు. కొన్ని సంవత్సరములకే తామే దానిని రద్దు చేసికొనవలసివచ్చెను. రాజశాసనము చేయలేని పనిని రెండు వందల సంవత్సరముల తరువాత సంఘములు చేసినవి. 1875 ప్రాంతమున ఆమోయి పట్టణములో లండను మిషనుకు చెందిన జాన్ మెక్‌గోవన్ అను బోధకుడు చీనా క్రైస్తవస్త్రీలను సమావేశపఱచి యొక సమాజమును స్థాపించెను. 1895లో షాంఘైలో శ్రీమతి ఆలీషియా లిటిల్ సహజపాద సమాజమును నెలకొల్పెను. కాంగ్ యూవెయి మొదలగు చీనా సంస్కర్తలు తమ స్వంత సమాజములను పెట్టిరి. 1898లో ఆయన చక్రవర్తికి విన్నపము వ్రాసెను. ఇట్టి సమాజములలో చేరువారు ఒక్క ప్రతిజ్ఞ కాదు, రెండు చేయవలసియుండెను: మా కుమార్తెల పాదములు కట్టము, మా కుమారులకు కట్టిన పాదముల పిల్లలను చేయము.

ఈ రెండవ ప్రతిజ్ఞయందే మర్మ మంతయు నున్నది. మొదటిది మాత్రమే చేసినచో కుమార్తె పెండ్లికాక మిగులును. రెండవదియు పదిమంది కలిసి చేసినచో ఆమెకు వరులు సిద్ధముగా నుందురు. పెకింగునకు దక్షిణమున నున్న టింగ్‌షియన్ అను గ్రామీణ ప్రాంతమున సిడ్నీ గాంబిల్ అను పరిశోధకుడు సేకరించిన లెక్కలనుబట్టి 1889లో నూటికి 99 మంది బాలికల పాదములు కట్టబడుచుండెను, 1899లో 94, 1919 నాటికి కొత్తగా కట్టుట యన్నదే లేదు. వేయి సంవత్సరములుగా పెరిగిన ఆచారము ఒక్క తరములో కూలిపోయెను. 1912లో వచ్చిన ప్రజాప్రభుత్వము దానిని నిషేధించినది, నిజమే. కాని నిషేధము రానున్న కాలమునకే వరుల తల్లులు మనస్సు మార్చుకొనుచుండిరి.

ఇక్కడ నొక చేదుసంగతిని దాచరాదు. సంస్కర్తలందఱును స్త్రీలను కరుణించినవారు కారు. షాన్సీ రాష్ట్రములో ప్రభుత్వము తనిఖీదారులను ఇల్లిల్లు త్రిప్పి, కట్లు విప్పని స్త్రీలకు జరిమానాలు విధించెను. ముప్పది యేండ్లు కట్టబడి వంకరపోయిన పాదమునకు కట్టు విప్పుట మఱియొక నరకము. నిన్నటి వఱకు పాదము పెద్దదని సిగ్గుపడినవారే నేడు పాదము చిన్నదని సిగ్గుపడవలసివచ్చెను. కొలబద్ద మాఱినది గాని, దాని క్రింద నిలువబడిన మనిషి మాఱలేదు. సంస్కారము పేరిట స్త్రీని అవమానించువారు ఏ కాలములోనైనను ఉందురని జ్ఞాపకముంచుకొనవలెను.

చీనాస్త్రీల పాదములను చూచి కంటతడి పెట్టిన ఐరోపా దొరసానులలో పలువురు ఆ కన్నీటిని తుడుచుకొనుటకు వంగలేని స్థితిలో నుండిరి. ఏలయనగా వారి నడుములు తిమింగిలపు దవడపట్టీలతోను, ఉక్కుపట్టీలతోను కుట్టిన కార్సెట్టులో బిగింపబడియుండెను. శ్వాస నిండుగా తీయరాదు, పరుగెత్తరాదు, బరువైన లంగాలు నేల నూడ్చుచు నడక నాపుచుండెను. అమెరికాలో ఎలిజబెత్ స్మిత్ మిల్లర్ అను స్త్రీ మోకాళ్ల దిగువ వఱకు గౌను, దాని క్రింద వదులైన పైజామా ధరించి 1851లో సెనెకా ఫాల్స్ పట్టణమునకు వచ్చెను. అమీలియా బ్లూమర్ తన పత్రికలో ఆ దుస్తులను ప్రశంసించినందున వాటికి బ్లూమర్లను పేరు వచ్చినది. స్త్రీలకు ఓటుహక్కు కోరిన ఎలిజబెత్ కేడీ స్టాంటన్ కూడ వాటిని ధరించెను. కాని వీథిలో పిల్లలు వెంటబడి కేకలు వేయుటయు, పత్రికలు పరిహాసచిత్రములు వేయుటయు జరిగి, జనులు ఆమె మాటలు వినుట మాని ఆమె కాళ్లను చూచుట మొదలిడినందున, సుమారు రెండు సంవత్సరములకే ఆమె వాటిని విడిచెను. ఓటు కావలెనన్నచో పాతలంగా కట్టుకొనవలసివచ్చినదన్నమాట! ఇది పిఱికితన మని నేననను. ఎన్ని యుద్ధములు ఒక్కసారి చేయగలమో చూచుకొనుట కూడ వివేకమే.

ఇంగ్లండులో 1881లో సహేతుక వస్త్రధారణ సమాజ మొకటి పుట్టెను. దాని నాయకురాలగు లేడీ హార్బర్టన్ 1898లో సైకిలుపై ప్రయాణము చేయుచు, సర్రే మండలములోని యొక సత్రమున దిగెను. ఆమె వదులైన నిక్కరు ధరించియుండుటచే యజమానురాలు ఆమెను గౌరవనీయుల గదిలో కూర్చుండనీయక, సారాయి త్రాగువారి గదికి పొమ్మనెను. సైకిలుదారుల సంఘమువారు వ్యాజ్యము వేసిరి. 1899లో న్యాయస్థానము సత్రపు యజమానురాలి పక్షముననే తీర్పు చెప్పెను. వ్యాజ్యము పోయినను సైకిలు పోలేదు. సైకిలు త్రొక్కదలచిన బాలికలు కోర్టు నడుగక తమ దుస్తులను మార్చుకొనిరి. ఇంటి పెద్దల ఉపన్యాసముల కంటె ఒక యంత్రము ఎక్కువ మేలు చేయుట చరిత్రలో పలుమార్లు జరిగినది. మన తాలూకాలలో ఉన్నతపాఠశాలకు సైకిలుపై వచ్చు బాలికలు పరికిణీ విడిచి సల్వారు కమీజు ధరించుట కూడ ఆ విధముగానే జరిగినది. దానికై యెవ్వరును తీర్మానము చేయలేదు.

ఈ అనుభవములనుండి గ్రంథకర్త్రులు కొందఱు సిద్ధాంతములను తీసిరి. 1792లోనే మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్, బాలికకు చిన్ననాటినుండి రూపమే నీ బలమని బోధించినచో ఆమె బుద్ధి ఆ రూపమునకే బందీయగునని వాదించెను. 1949లో ఫ్రాన్సుదేశస్థురాలగు సిమోన్ ద బోవా, స్త్రీ తన్ను తాను తన కన్నులతో గాక పరుల కన్నులతో చూచుకొనుట నేర్చుకొనునని వివరించెను. ఈ మాట సూక్ష్మమైనది; బాలికలు దీనిని నిదానముగా ఆలోచింపవలెను. ఆట ఆడుచున్న బాలుడు బంతిని చూచుచుండును. బాలిక బంతిని చూచుచునే, తాను పరుగెత్తునప్పుడు ఎట్లు కనబడుచున్నదో కూడ మనస్సులో చూచుకొనుచుండును. అతడు ఒక్క పని చేయుచుండగా ఆమె రెండు చేయుచున్నది.

1968 సెప్టెంబరు 7వ తేదీన అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో సుందరాంగుల పోటీ జరుగుచుండగా, స్త్రీవాదులు బయట నిలిచి, ఎత్తుమడమల జోళ్లు, బిగుతు లోదుస్తులు, కేశములు చుట్టు గొట్టములు ఒక చెత్తడబ్బాలో పడవేసిరి. వారు లోదుస్తులను కాల్చిరని నేటికిని చెప్పుకొందురు గాని, అక్కడ కాల్చినది ఏమియు లేదు. ఆ పట్టణములోనే, ఆ దినములలోనే నల్లజాతి స్త్రీలకై వేఱుగా నొక పోటీ జరిగినది. ఏలయనగా మొదటి పోటీలో అంతవఱకు ఒక్క నల్లజాతి కన్యకైనను వేదిక యెక్కు భాగ్యము కలుగలేదు. ఒకరు కొలబద్దనే విఱువుడనుచుండిరి. మఱియొకరు మొదట మమ్ములనుకూడ కొలతకు నిలువనిండనుచుండిరి. రెండును న్యాయమైన మాటలే. కాని రెండును ఒక్కటి కావు. స్త్రీవాదులందఱును ఒక్కమాట మీద నున్నారని తలంచువారు దీనిని గమనింపవలెను. అలంకారము స్త్రీకి స్వంత ఆనందమని సమర్థించు స్త్రీవాదులును కలరు. 1990లో నేయోమీ వుల్ఫ్ వ్రాసిన గ్రంథములో, స్త్రీలకు చదువు, ఉద్యోగము, ఆస్తి లభించుకొలది సౌందర్యపు కొలబద్ద మఱింత కఠినమగుచున్నదని యున్నది. గ్రంథమంతటితోను నేనేకీభవింపజాలను గాని, ఈ మాట మాత్రము మన పట్టణములలో నిజమగుచున్నట్లు కనబడుచున్నది.

ఇక మన యింటికి వత్తము. తెలుగుదేశములో అలంకారము స్త్రీ సొత్తని యందురు. నిజముగా ఆమె సొత్తేనా? పూర్వము కొన్ని కులములలో భర్త మరణించిన దినమున ఆమె పువ్వులు, గాజులు, బొట్టు తీసివేయుటయే గాక తలవెండ్రుకలను సైతము గొరిగించుచుండిరి. పదునాలుగేండ్ల బాలవితంతువుకు కూడ ఆ గతియే. తీసివేయుటకు ఇతరులకు అధికారమున్న వస్తువు తన సొత్తెట్లగును? 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు జరిపించిన మొదటి వితంతువివాహము పెండ్లి హక్కును మాత్రమే కాదు, ఆ బాలిక తలవెండ్రుకలను, ఆమె పూవులను కూడ ఆమెకు తిరిగి యిచ్చినది. ఈ కోణమునుండి చూచినచో పూవు పెట్టుకొనుట దాస్యమనియు, మానుట స్వాతంత్ర్యమనియు తేలికగా చెప్పుటకు వీలులేదు. పెట్టుకొనుటకును మానుటకును తానే కర్త యగుట ముఖ్యము.

నేడు మనలో అన్నిటికంటె కఠినమైన కొలబద్ద శరీరపు రంగు. పెండ్లిసంబంధములు మాటలాడువారి భాషను వ్యాకరణోపాధ్యాయునివలె వినుడు: పిల్ల బి.ఎస్సీ. చదివినది, కాని చామనచాయ. పిల్ల కొంచెము నలుపు, కాని గుణవంతురాలు. ఆ కాని యను చిన్న అవ్యయము ఎన్ని కుటుంబములను అప్పుల పాలు చేసినదో! రంగు తగ్గినకొలది కట్నము పెరుగును. కట్నము 1961 నాటి చట్టముచేత నిషిద్ధమైనను, రంగునుబట్టి హెచ్చుతగ్గులు చేయు ఆ రహస్యపు ధరలపట్టిక నేటికిని పోలేదు. నలుపును నారాయణుడు మెచ్చునని సామెత చెప్పుచునే యున్నది. పెండ్లిచూపులలో మాత్రము నారాయణుని అభిప్రాయము నెవ్వరును అడుగరు. గర్భిణికి కుంకుమపువ్వు పాలు త్రాగించి బిడ్డ తెల్లగా పుట్టునని ఆశించుట మొదలు, శనగపిండి, మీగడ, పసుపు నలుగులనుండి బజారు క్రీములవఱకు ఎన్ని యుపాయములో! క్రైస్తవ గృహములు ఇందుకు మినహాయింపు కావు. మనము చిన్నపిల్లలకు పంచిపెట్టిన ఆదివారపుబడి చిత్రపటములలో యూదస్త్రీయగు మరియమ్మ బంగారు జుట్టుతోను, నీలికన్నులతోను ఉండుట మన మనస్సులపై ఏమియు ముద్రవేయలేదని చెప్పగలమా?

శాస్త్ర మేమి చెప్పుచున్నదో వినుడు. చర్మములో మెలనిన్ అను రంగుద్రవ్యమును తయారుచేయు కణములు నల్లవారిలోను తెల్లవారిలోను సుమారు సమాన సంఖ్యలోనే యుండును. అవి తయారుచేయు ద్రవ్యపు పరిమాణము, రకము మాత్రమే వేఱు. తీవ్రమైన ఎండగల దేశములలో మెలనిన్ గొడుగువలె పనిచేసి, అతినీలలోహిత కిరణములనుండి చర్మమును రక్షించును. గర్భస్థశిశువుకు అత్యవసరమైన ఫోలేటు అను విటమిను ఆ కిరణములచే నశింపకుండ కూడ అది కాపాడునని నీనా జబ్లాన్‌స్కీ, జార్జి చాప్లిన్ అను శాస్త్రజ్ఞులు 2000లో ప్రతిపాదించిరి. గోదావరి తీరపు ఎండలో మన పూర్వులను బ్రదికించిన కవచమునే మనము లోపమని పిలుచుచున్నాము.

మఱియొక వింత. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధనకేంద్రపు శాస్త్రజ్ఞులు, విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి, చర్మపు రంగును ప్రభావితము చేయు ఒక జన్యువునుగూర్చి 2013లో పరిశోధనాపత్రమును ప్రకటించిరి. ఆ జన్యువులో ఒక్క అక్షరము మాఱుటవలన రంగు తేలికపడుననియు, మన దేశములోని ఆ మార్పును ఐరోపావారిలోని మార్పును ఒకే పూర్వికునినుండి వచ్చినవనియు వారు కనుగొనిరి. రంగును నిర్ణయించు జన్యువులు ఇంకను పెక్కు కలవు. అందుచేతనే ఒక తల్లి కడుపున పుట్టిన అక్కాచెల్లెండ్రు వేఱు వేఱు ఛాయలతో నుందురు. ఇట్టి అక్షరములలోని భేదము వలన ఒక చెల్లెలికి తొందరగా సంబంధము కుదురుటయు, అక్క ఇంట మిగులుటయు ఎంత అన్యాయమో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ అన్యాయముపై గొప్ప వ్యాపారము నిర్మింపబడినది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ అను క్రీము మన దేశపు బజారులోనికి వచ్చినది. దాని ప్రకటనలలో నొకదానియందు, తనకు కుమారుడు లేడే యని తండ్రి విచారించుచుండగా, నల్లని కుమార్తె ఆ క్రీము రాచుకొని తెల్లబడి, విమానములో ఉద్యోగము సంపాదించినట్లు చూపబడెను. చదువు వలన కాదు, క్రీము వలన! ఐద్వా అను అఖిలభారత మహిళాసంఘము ఈ విధమైన ప్రకటనలపై ఫిర్యాదు చేసి పోరాడగా, 2003లో అట్టివి కొన్ని ఉపసంహరింపబడెను. 2009లో మదరాసు పట్టణమున, నలుపే అందమను అర్థముగల పేరుతో స్త్రీల సంస్థ యొకటి ఉద్యమమును ప్రారంభించెను. చలనచిత్రనటి నందితా దాస్ 2013లో దానికి తోడుపడెను. 2014లో ప్రకటనల ప్రమాణమండలి, నల్లనివారిని హీనులుగా చూపరాదని నియమము చేసెను. 2020లో, అమెరికాలో జాతివివక్షపై గొప్ప అలజడి రేగిన తరువాత, ఆ కంపెనీవారు తమ క్రీము పేరునుండి తెలుపను అర్థమిచ్చు మాటను తీసివేసి గ్లో అండ్ లవ్లీ యని మార్చిరి. పేరు మాఱినది; గొట్టముమీది కాంతి మాత్రము తెల్లగానే యున్నదని మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నాతో ననెను. బాలురు నవ్వుకొననక్కఱలేదు: 2005లోనే వారికొఱకును ప్రత్యేకమైన క్రీము బజారులోనికి వచ్చినది.

పేరుగల కంపెనీల క్రీములకంటె భయంకరమైనవి పేరులేనివి. త్వరగా తెలుపు చేయునని రహస్యముగా అమ్ము క్రీములు కొన్నిటిలో పాదరసము కలదు. అది మెలనిన్ తయారీని అడ్డుకొనును. దానితోపాటు చర్మముద్వారా దేహములో జొచ్చి మూత్రపిండములను చెఱచును. మినమాటా ఒడంబడికయను అంతర్జాతీయ ఒప్పందము పాదరసము కలిపిన సౌందర్యసాధనములను నిషేధించినను అవి అంగళ్లలోను, ఫోనులద్వారా జరుగు బేరములలోను దొరకుచునే యున్నవి. మఱికొన్నిటిలో స్టీరాయిడ్ మందులు కలవు. వైద్యుడు చర్మరోగమునకు కొద్ది దినములకై వ్రాసియిచ్చు మందును నెలల తరబడి ముఖమునకు రాచుకొన్నచో చర్మము పలుచబడి, ఎఱ్ఱబడి, మొటిమలతో నిండి, ముఖమున రోమములు మొలచును. మానివేసినచో మంట. కాబట్టి మరల రాయుదురు. బాలికలారా, చీటీ లేని గొట్టమును, ఏమేమి కలదో వ్రాయని డబ్బాను ముఖమునకు తాకనీయకుడు. ఇప్పటికే రాచుకొనుచున్నచో సిగ్గుపడక చర్మవైద్యునికి చూపుడు. అకస్మాత్తుగా మానుట కూడ వైద్యుని సలహాతోనే జరుగవలెను.

రంగుతోపాటు నేడు ఆకృతికి కూడ కొలబద్ద వచ్చినది. దీనినిగూర్చి ఒక్క ఉదాహరణము చాలును. ఫిజీ ద్వీపములలో పుష్టిగా నుండుటయే అందము. సన్నగిల్లిన మనిషిని చూచి ఇంటివారు సరిగా పెట్టుటలేదా యని బంధువులు బాధపడుదురు. అక్కడి నడ్రోగా ప్రాంతమునకు 1995లో టెలివిజను వచ్చెను. యాన్ బెకర్ అను వైద్యురాలు ఆ సంవత్సరమునను, మరల 1998లోను పాఠశాల బాలికలను ప్రశ్నించెను. బరువు తగ్గుటకై కావలెనని వాంతి చేసికొనుచున్నవారు మొదట ఒక్కరును లేరు. మూడు సంవత్సరముల తరువాత నూటికి పదునొకండుగురు కంటె కొంచెము ఎక్కువగా నుండిరి. తరతరముల అభిరుచి మూడేండ్లలో మాఱినది. ఆ టెలివిజను గదిలో నొకమూల నుండెడిది. నేటి ఫోను చేతిలోనుండును, దిండు క్రిందను ఉండును. అందులోని చిత్రములు యంత్రముచే నునుపు చేయబడి, సన్నము చేయబడి, తెల్లచేయబడి వచ్చును. ఆ చిత్రములోని మనిషి ఎక్కడను లేదు, తన అద్దములో కూడ లేదు.

2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 సంవత్సరముల ప్రాయముగల మన దేశపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత కలవారని తేలినది. ఇట్టి దేశములో, పదునాలుగేండ్ల పిల్ల లావగుదునని భయపడి మధ్యాహ్నభోజనపు గ్రుడ్డును స్నేహితురాలికి ఇచ్చివేయుట చూచినప్పుడు ఏ ఉపాధ్యాయునకైనను మనస్సు కలుక్కుమనును. రెండు గంటల పీరియడులో ఆ పిల్ల కన్నులు మూతలుపడును. లెక్క తప్పును. లెక్క తప్పినందుకు దండన వచ్చును. ఆ తప్పు ఎక్కడ మొదలైనదో ప్రగతిపత్రములో వ్రాయుటకు గడి లేదు. ఎండ తగిలి నల్లబడుదునని కబడ్డీ జట్టునుండి తప్పుకొన్న బాలికలనుగూర్చి వ్యాయామోపాధ్యాయుల నడిగినచో ఇంకను పెద్ద జాబితా ఇత్తురు.

చీనావారి రెండు ప్రతిజ్ఞలలో మొదటిదానినే మనము మన బాలికలకు పలుమార్లు బోధించుచున్నాము: నీవు ధైర్యముగా నుండుము, రంగును లెక్కచేయకుము, ఆత్మగౌరవము కలిగియుండుము. పెండ్లిబజారు మాఱకుండ ఈ బోధ చేయుట, కట్టని పాదములతో ఒంటరిగా నిలువుమని చెప్పుటవంటిదే. రెండవ ప్రతిజ్ఞ బాలురది, బాలుర తల్లులది. మా కుమారునికి పిల్లను చూచునప్పుడు రంగు మాట ఎత్తము, ఎత్తినవారి మధ్యవర్తిత్వమును అంగీకరింపమని ఒక సంఘములోని ఇరువది కుటుంబములు కలిసి నిర్ణయించుకొన్నచో, ఆ సంఘములోని బాలికలకు ఉపన్యాసములతో పని తగ్గును. తల్లుల సహవాసములలోను, యౌవనుల కూటములలోను ఈ మాటను ప్రస్తావించుటకు ఎవ్వరి అనుమతియు అక్కఱలేదు.

పాఠశాలలో చేయదగినది కూడ ఒకటి కలదు. నేను చూచిన పెక్కు పాఠశాలలలో క్రిస్మసు నాటకమునకు పాత్రలను ఎన్నుకొనునప్పుడు, తెల్లని పిల్ల మరియమ్మ యగును, ఆమె తరువాతివారు దేవదూతలగుదురు, మిగిలినవారు గొఱ్ఱెలకాపరులును, కొన్నిచోట్ల గొఱ్ఱెలును అగుదురు. ఎవ్వరును దురుద్దేశముతో చేయుటలేదు. చేయి దానంతట అదే అటు పోవును. పాత్రకు కావలసినది స్పష్టమైన కంఠము, మాటలు జ్ఞాపకముంచుకొను శక్తి. పిల్లలను తెరవెనుక నిలిపి, వారు చదువు మాటలను ఇవతలినుండి విని, ముఖము చూడకయే గుర్తులు వేయుట కష్టమైన పని కాదు. ఈ సంవత్సరపు ఎంపిక నవంబరు మొదటి వారములో జరుగును. తెర మా కుట్టుపని గదిలో సిద్ధముగా నున్నది.